మనీషా కల్యాణ్: లిమసోల్ నుంచి లిమా దాకా. దీన్ని మంచి కెరీర్ అనొచ్చా?

ఆఫ్‌సైడ్ ఆనంద్ · శనివారం, రాత్రి 9:12

మన ఫుట్‌బాల్ క్రీడాకారిణి మనీషా పెరూలోని అలియాంజా లిమా క్లబ్‌కి వెళ్ళినప్పటి నుంచీ రెండు మాటలు తెగ వినిపిస్తున్నాయి. ఐరోపాలో నిలదొక్కుకోలేక అటు పోయిందని కొందరు. దక్షిణ అమెరికాలో మన అమ్మాయి ఆడటమే పెద్ద రికార్డు, ఇంకేం కావాలని కొందరు. నాకు రెండూ ఎక్కలేదు.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఊరు ముగ్గోవాల్, పంజాబ్‌లో హోషియార్‌పుర్ జిల్లా. 2001 నవంబర్‌లో పుట్టింది. గోకులం కేరళ క్లబ్‌తో రెండుసార్లు ఐడబ్ల్యూఎల్ (మన దేశ మహిళల లీగ్) గెలిచింది. 2022లో సైప్రస్‌లోని లిమసోల్ క్లబ్ అపోలాన్ లేడీస్‌కి, 2024లో గ్రీస్‌లోని పావోక్‌కి, 2025లో లిమాకి. 2021-22, 2022-23 రెండు సీజన్లకూ ఏఐఎఫ్ఎఫ్ (మన ఫుట్‌బాల్ సమాఖ్య) ఉత్తమ క్రీడాకారిణి ఆమే.

నా ప్రశ్న ఒకటే. ఇరవై ఏళ్ళకి ఇల్లు వదిలిన, మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్‌కి ఈ దారి లాభించిందా, లేదా? ఆట చూసినవాళ్ళు చెప్పండి. హెడ్‌లైన్లు మాత్రమే చదివినవాళ్ళు కాస్త ఆగి రాయండి.

సాకర్ సుబ్బు · శనివారం, రాత్రి 9:40

హెడ్‌లైన్ చదివే రాస్తున్నా, తిట్టుకోండి.

మూడు క్లబ్బులు, మూడు దేశాలు, నాలుగేళ్ళు కూడా నిండలేదు. కుదురుకున్న ప్లేయర్ ఇలా తిరగదు. లైన్ పక్కన ఆడే వింగర్ అయితే స్పీడ్ ఉంది కాబట్టి ఎక్కడికెళ్ళినా నెట్టుకొస్తుంది. మిడ్‌ఫీల్డర్ సంగతి అది కాదు. పక్కన ఆడేది పాస్ కాళ్ళకి అడుగుతుందా, ముందుకి అడుగుతుందా అన్నది తెలియడానికే సగం సీజన్ పోతుంది. తెలిసేసరికి మనం సూట్‌కేస్ సర్దుతుంటే ఎట్లా?

పైగా సైప్రస్, గ్రీస్ అంటే మహిళల ఫుట్‌బాల్‌లో పెద్ద లీగులేం కావు. ఇంగ్లండ్, స్పెయిన్, ఫ్రాన్స్, జర్మనీ, అమెరికా. వీటిలో ఒక్కటైనా తగలాలి కదా.

వైజాగ్ వింగర్ · శనివారం, రాత్రి 10:05

అసలు ఆమె మిడ్‌ఫీల్డరేనా అన్నా? పేపర్లో ఒకరోజు ఫార్వర్డ్, ఇంకోరోజు మిడ్‌ఫీల్డర్, మరోరోజు వింగర్.

నేను చూసినంతలో ఆమెకి నచ్చే చోటు లైన్ పక్కన కాదు. టచ్‌లైన్‌కి, పెనాల్టీ బాక్స్‌కి మధ్య ఒక సందు ఉంటుంది చూడండి, అక్కడ బంతి అందుకుని గోల్ వైపు తిరగడం. బ్రెజిల్‌లోని మనౌస్‌లో వాళ్ళ జట్టు మీద కొట్టిన గోల్ మళ్ళీ చూడండి. 2021 నవంబర్ 25. ఆట మొదలైన మొదటి నిమిషంలోనే వాళ్ళు గోల్ కొట్టేశారు. మనవాళ్ళ ముఖాలు పాలిపోయాయి. ఎనిమిదో నిమిషంలో మన ఎదురుదాడి. బంతి దొరికాక ఆమె పక్కకి చూడలేదు. డిఫెండర్ వెంటపడుతుంటే ఒక్క టచ్ కొంచెం పొడవుగా వదిలింది. ఆ టచ్ వల్లే షాట్‌కి చోటు దొరికింది. 1-1!

చివరికి 6-1తో ఓడిపోయాం, అది వేరే కథ. అది ఫోర్మిగా వీడ్కోలు మ్యాచ్. ఏడు ప్రపంచ కప్పులాడిన మిడ్‌ఫీల్డర్ ఆఖరి మ్యాచ్‌లో బ్రెజిల్ గోల్‌లోకి మనమ్మాయి బంతి పంపింది. ఆ రాత్రి తర్వాతే బయటి క్లబ్బులు ఆమె పేరు రాసుకున్నాయని నా నమ్మకం.

పీఈటీ మాస్టారు · ఆదివారం, ఉదయం 6:20

సుబ్బు గారూ, మీ లెక్కలో ఒక కాలమ్ ఖాళీగా ఉంది. ఇక్కడే ఉండి ఉంటే ఆమె ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడేది?

2021-22 ఐడబ్ల్యూఎల్ తీసుకోండి. 12 జట్లు, అన్నీ భువనేశ్వర్‌లోనే, ఏప్రిల్ నడిమధ్య నుంచి మే చివరి దాకా. జట్టుకి 11 మ్యాచ్‌లు. ఆరు వారాల్లో లీగ్ అయిపోయింది. ఏప్రిల్, మే నెలల భువనేశ్వర్ ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. 2024-25 నాటికి హోమ్, అవే పద్ధతి వచ్చింది, సంతోషం. అయినా 8 జట్లు, 14 మ్యాచ్‌లు, జనవరిలో మొదలై ఏప్రిల్‌లో సరి. మిగతా ఎనిమిది నెలలు అమ్మాయి ఏం చేయాలి? నేషనల్ క్యాంప్ ఉంటే క్యాంప్. లేకపోతే రైల్వేస్, పోలీస్ ఉద్యోగం ఉన్నవాళ్ళు డ్యూటీకి, లేనివాళ్ళు ఇంటికి.

మిడ్‌ఫీల్డర్ తయారయ్యేది మ్యాచ్‌లో కంటే మంగళ, బుధవారాల ప్రాక్టీస్‌లో. బంతి వచ్చేలోపు రెండు భుజాల మీదుగా వెనక్కి చూసుకోవడం అనేది నేను ఇరవై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నా. చెబితే వచ్చేది కాదు. వెనక నుంచి ఒకమ్మాయి నిజంగా వచ్చి తగిలితే, వారం వారం తగిలితే, అప్పుడు మెడ దానంతట అదే తిరుగుతుంది. అక్కడ చిన్న లీగ్ అయినా సరే, ఆగస్టులో మొదలుపెడితే మే దాకా క్లబ్ జీవితం ఉంటుంది. నాకు కావల్సింది ఆ తొమ్మిది నెలలు.

లార్నకా రవళి · ఆదివారం, ఉదయం 11:48

సైప్రస్ నుంచి హాయ్ అందరికీ. నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నా, ఫుట్‌బాల్ జ్ఞానం అంతంతమాత్రం, మా హాస్టల్ అబ్బాయిలు తిట్టి తిట్టి నేర్పారు.

దీవి ఎంత చిన్నదో చెబితే కొంత అర్థమవుతుంది. లిమసోల్ నుంచి నికోసియాకి కారులో గంట. లీగ్‌లో ఏ అవే మ్యాచ్ అయినా ఉదయం బస్సెక్కి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మాస్టారు చెప్పిన ప్రాక్టీస్‌కి టైమ్ మిగిలేది అలాగే. ఎండ మాత్రం మన కోస్తాకి ఏం తీసిపోదు, కాబట్టి ఆ విషయంలో పంజాబ్ అమ్మాయికి కొత్తేం ఉండదు.

జీతాల గురించి ఎవరూ అడగొద్దు, నాకు తెలీదు.

ఆఫ్‌సైడ్ ఆనంద్ · ఆదివారం, మధ్యాహ్నం 12:30

థాంక్స్ రవళి గారూ. సుబ్బూ, చిన్న లీగ్ అన్నావుగా. అపోలాన్ వల్ల దొరికింది చాంపియన్స్ లీగ్ (ఐరోపా క్లబ్బుల పెద్ద టోర్నీ) క్వాలిఫయర్స్. సైప్రస్ చాంపియన్ కాబట్టి ఆ క్లబ్ అందులో అడుగుపెట్టేది. 2022 ఆగస్టు 18న సైప్రస్‌లోనే ఎంగోమిలో లాత్వియా క్లబ్ రీగాతో మ్యాచ్. మనీషా 60వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగింది. జట్టు 3-0తో గెలిచింది. మహిళల చాంపియన్స్ లీగ్‌లో ఆడిన తొలి భారతీయురాలు. అరగంటే అనుకో, కానీ పెద్ద లీగ్ క్లబ్‌లో చేరి స్టాండ్స్‌లో కూర్చుంటే ఆ అరగంట కూడా ఉండదు.

కాచిగూడ కీపర్ · ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఆనంద్ బ్రో, ఆ తేదీ పక్కన ఇంకో తేదీ పెట్టు. సరిగ్గా ఆ వారంలోనే ఫిఫా మన ఏఐఎఫ్ఎఫ్‌ని సస్పెండ్ చేసింది. ఆగస్టు 16 పొద్దున మనం నిద్ర లేచేసరికి వార్త. గోకులం అమ్మాయిలు అప్పటికే తాష్కెంట్‌లో దిగి ఉన్నారు, ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ క్లబ్ చాంపియన్‌షిప్ ఆడటానికి. కిట్ బ్యాగులు తెరవకుండానే తిరిగొచ్చారు. పది రోజుల్లో సస్పెన్షన్ ఎత్తేశారు, కానీ టోర్నీ పోయింది.

మనీషా ఒక్క నెల ముందు గోకులం వదలకపోయి ఉంటే ఆమె కూడా తాష్కెంట్ హోటల్లోనే ఉండేది. ఆమె రిజిస్ట్రేషన్ సైప్రస్ ఫెడరేషన్ దగ్గర ఉంది కాబట్టి మన సస్పెన్షన్ ఆమెకి తగల్లేదు. రెండు రోజుల తర్వాత చాంపియన్స్ లీగ్ ఆడింది. బయటికి వెళ్ళడం వల్ల లాభమేంటి అని అడిగేవాళ్ళకి నేను ఇదే చెబుతా.

అంతకుముందు జనవరిలో మన దేశంలోనే జరిగిన ఆసియా కప్ గుర్తుందా? ఇరాన్‌తో 0-0. తర్వాత క్యాంప్‌లో కోవిడ్, చైనీస్ తైపీతో (తైవాన్ జట్టు) ఆడటానికి 13 మంది కూడా లేరు, టోర్నీ నుంచే తప్పుకున్నట్టు లెక్కేశారు. ఒకే ఏడాదిలో రెండు దెబ్బలు. అందులో అమ్మాయిల తప్పు ఏముంది?

సాకర్ సుబ్బు · ఆదివారం, మధ్యాహ్నం 2:02

తాష్కెంట్ పాయింట్ బాగుంది, ఒప్పుకుంటా. కానీ అది అదృష్టం. కెరీర్ ప్లాన్ కాదు. ప్లాన్ అంటే ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పండి.

సియోల్ శ్రావ్య · ఆదివారం, సాయంత్రం 4:37

నేను చెప్తా, నా ఫేవరెట్ టాపిక్.

జి సో-యున్. కొరియా మిడ్‌ఫీల్డర్, 1991లో పుట్టింది, పదిహేనేళ్ళకే జాతీయ జట్టులో ఆడింది. ఆమె నేరుగా ఇంగ్లండ్ వెళ్ళలేదు. 2011లో పక్కనే ఉన్న జపాన్‌కి, ఐనాక్ కోబేకి వెళ్ళింది. ఆ సంవత్సరమే జపాన్ ప్రపంచ కప్ గెలిచింది, ఆ చాంపియన్లలో చాలామంది కోబే జట్టులోనే ఉన్నారు. అంటే రోజూ ప్రాక్టీస్‌లో ప్రపంచ చాంపియన్లు. మూడు సీజన్లు, మూడు లీగ్ టైటిళ్ళు. తర్వాత 2014 జనవరిలో చెల్సీ.

చెల్సీలో మొదటి ఏడాది చివరి రోజున గోల్ తేడాతో లీగ్ లివర్‌పూల్‌కి పోయింది. మరుసటి ఏడాది లీగ్, ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ) రెండూ. ఆ కప్ ఫైనల్ వెంబ్లీలో జరిగిన తొలి మహిళల ఎఫ్ఏ కప్ ఫైనల్, 30,710 మంది వచ్చారు, నాట్స్ కౌంటీ మీద 1-0. ఆ ఒక్క గోల్ జిది! ఆ సీజన్ ఆటగాళ్ళు ఓటేసి ఇచ్చే పీఎఫ్ఏ అవార్డు కూడా ఆమెకే. 2022 దాకా అక్కడే ఉండి ఇంటికెళ్ళి కొరియా క్లబ్ సువాన్‌కి ఆడి, మళ్ళీ 2024లో అమెరికాలోని సియాటిల్ క్లబ్‌కి వెళ్ళింది.

ఆమె ఆటలో నాకు నచ్చేది తొందర లేకపోవడం. అయిదడుగుల చిల్లర ఎత్తు, చుట్టూ తనకంటే తలంత పొడవు వాళ్ళు. బంతి వచ్చేలోపే ఒళ్ళు సగం తిప్పేసి ఉంటుంది, మీద పడేవాళ్ళు గాలిలో పడతారు.

సాకర్ సుబ్బు · ఆదివారం, సాయంత్రం 4:55

అదీ ప్లాన్ అంటే! ఎనిమిదేళ్ళు ఒకే క్లబ్!

పీఈటీ మాస్టారు · ఆదివారం, రాత్రి 8:10

శ్రావ్యమ్మా, బాగా రాశావు. కానీ సుబ్బు గారు దాంట్లో ఎనిమిదేళ్ళు మాత్రమే చూశారు, ముందున్న కోబేని వదిలేశారు. కొరియా అమ్మాయికి పక్క దేశంలో ప్రపంచ స్థాయి లీగ్ ఉంది. మన అమ్మాయికి పక్క దేశంలో ఏముంది? మన చుట్టుపక్కల ఐడబ్ల్యూఎలే పెద్దది. నేపాల్ సబిత్రా భండారీ గోల్స్ వేటలో మన గోకులానికే వచ్చింది, ఆ తర్వాతే ఫ్రాన్స్‌లో గ్యాంగాంప్ దాకా వెళ్ళింది. అందుకే మనవాళ్ళకి కోబే లాంటి మధ్య మెట్టు కావాలంటే సైప్రస్, క్రొయేషియా, ఉజ్బెకిస్థాన్, గ్రీస్. దాంగ్మెయి గ్రేస్ ఉజ్బెక్ క్లబ్ నసాఫ్‌కి ఆడింది కూడా అందుకే.

ఇంగ్లండ్ గురించి ఒక మాట. అక్కడ క్లబ్‌కి నచ్చితే సరిపోదు, వర్క్ పర్మిట్‌కి పాయింట్లుంటాయి. నీ దేశం ర్యాంకు ఎంత, నీ జట్టుకి ఎన్ని మ్యాచ్‌లాడావు, నీ లీగ్ ఏ స్థాయిది అని చూస్తారు. 2025 జూన్‌లో మన ర్యాంకు 70. ఆ ర్యాంకుతో ఎంత బాగా ఆడే అమ్మాయికైనా ఆ గుమ్మం దాటడం కష్టమే.

నిజామాబాద్ నాని · ఆదివారం, రాత్రి 9:33

క్రొయేషియా పేరు వచ్చింది కాబట్టి నేను ఊరుకోను. మా జిల్లా పిల్ల గుగులోత్ సౌమ్యని మర్చిపోయి మాట్లాడుతున్నరు అందరూ.

2022లో డైనమో జాగ్రెబ్ తీసుకుంది, మధ్యప్రదేశ్ జ్యోతి చౌహాన్‌తో కలిపి. సౌమ్య వింగర్, మిడ్‌ఫీల్డర్ కాదు, ఆ లెక్క నాకు తెలుసు. కానీ తండా నుంచి జాగ్రెబ్ దాకా పోవుడు మామూలు ముచ్చటనా? వాపస్ వచ్చినప్పుడు ఇక్కడ కొందరు 'అక్కడ చెల్లలేదు' అన్నరు. ఏమైంది? ఈస్ట్ బెంగాల్‌కి ఆడి 2024-25 ఐడబ్ల్యూఎల్ గెలిచింది, ఆ ఏడాది ఏఐఎఫ్ఎఫ్ ఉత్తమ క్రీడాకారిణి అయింది. వాపస్ వస్తే ఓడినట్టేనా సుబ్బన్నా?

సాకర్ సుబ్బు · ఆదివారం, రాత్రి 9:41

నానీ, నేను సౌమ్యని ఏమన్నా అన్నానా ఇప్పుడు 😅

నిజామాబాద్ నాని · ఆదివారం, రాత్రి 9:42

ముందుగానే చెప్తున్న. రేపు అనకుండ.

అనంత అమ్మ · సోమవారం, ఉదయం 7:05

నమస్తే అండి. మీ అందరి చర్చ చదివి ధైర్యం చేసి రాస్తున్నాను. మా పాపకి పదిహేనేళ్ళు, మిడ్‌ఫీల్డ్ ఆడుతుంది. అనంతపురంలో ఆర్‌డీటీ (స్వచ్ఛంద సంస్థ) స్పోర్ట్స్ విలేజ్ గ్రౌండ్‌లోనే ఆట మొదలుపెట్టింది. ఈమధ్య ఒకాయన ఫోన్ చేసి ఐరోపాలో ట్రయల్స్ ఇప్పిస్తానని, సెలెక్ట్ అయితే వెంటనే ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ అని, ముందుగా నాలుగు లక్షలు కట్టమని అంటున్నాడు. మావారు బంగారం పెడదామంటున్నారు. మనీషా, సౌమ్య వెళ్ళింది కూడా ఇలాగేనా? నాకు టెన్షన్‌గా ఉంది.

కాచిగూడ కీపర్ · సోమవారం, ఉదయం 7:31

అక్కా, బంగారం బీరువాలోనే ఉంచండి. ఒక్క రూపాయి కట్టొద్దు.

మొదటిది, ఫిఫా నిబంధనల్లో 19వ అధికరణం ఉంది. 18 నిండని పిల్లల్ని ఒక దేశం నుంచి ఇంకో దేశం క్లబ్‌కి మార్చడం నిషేధం. మినహాయింపులున్నాయి, తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి మకాం మార్చడం లాంటివి. మీ కేసు వాటిలో దేనికీ రాదు. కాబట్టి పదిహేనేళ్ళ పాపకి ఇక్కడి నుంచి 'వెంటనే కాంట్రాక్ట్' అన్న మాటే అబద్ధం.

రెండోది, 2023 అక్టోబర్ నుంచి ఏజెంట్లకి ఫిఫా లైసెన్స్ తప్పనిసరి. లైసెన్స్ ఉన్నవాళ్ళ పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. ఆయన పూర్తి పేరు అడగండి, వెతకండి. మైనర్ల తరఫున పనిచేయాలంటే అదనంగా ఇంకో కోర్సు పాసవ్వాలి, మీ రాతపూర్వక అనుమతి కూడా ఉండాలి. లైసెన్స్ నంబర్ అడిగితే చాలామంది ఫోన్ కట్ చేస్తారు, అదే మీకు జవాబు.

మనీషా వెళ్ళేనాటికి ఇరవై ఏళ్ళు, జాతీయ జట్టు ప్లేయర్, బ్రెజిల్ మీద గోల్ కొట్టి ఉంది. సౌమ్య, జ్యోతి అయితే అంతకుముందు ఐడబ్ల్యూఎల్ ఆడి, ఆస్ట్రేలియాలో ట్రయల్స్‌లో కనిపించి ఎంపికయ్యారు.

పీఈటీ మాస్టారు · సోమవారం, ఉదయం 8:15

అమ్మా, కీపర్ బాబు చెప్పింది అక్షరాలా నిజం. మాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాగే కట్టి, పిల్లని తీసుకెళ్తే అక్కడ క్లబ్బూ లేదు, ట్రయలూ లేదు. అద్దె గ్రౌండ్‌లో ఒక ప్రాక్టీస్ మ్యాచ్, ఒక జెర్సీ, నాలుగు ఫొటోలు.

మీరు మంచి చోటే ఉన్నారు. ఆర్‌డీటీ స్థాపించిన విసెంటె ఫెరర్ గారు స్పెయిన్ మనిషి, ఆ సంబంధాల వల్ల స్పెయిన్ లీగ్ లా లిగా వాళ్ళ తోడ్పాటు కూడా ఆ గ్రౌండ్లకి ఉంది. పాపని పదిహేడు, పద్దెనిమిది దాకా రాష్ట్ర జట్టుకీ, ఐడబ్ల్యూఎల్ రెండో డివిజన్ క్లబ్‌కీ ఆడనివ్వండి. ఇంటర్ తప్పకుండా రాయించండి. ఇంకో చిన్న పని, ఎడమ కాలితో గోడకి రోజూ వంద పాస్‌లు కొట్టించండి. మనౌస్ గోల్ వీడియో చూపిస్తే నేను చెప్పక్కర్లేకుండానే కొడుతుంది.

అనంత అమ్మ · సోమవారం, ఉదయం 8:52

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. మావారికి కూడా చదివి వినిపించాను. లైసెన్స్ నంబర్ ఇప్పుడే మెసేజ్‌లో అడిగాను.

వైజాగ్ వింగర్ · సోమవారం, రాత్రి 7:20

మళ్ళీ మనీషా దగ్గరికి వద్దాం. బయట ఆడేవాళ్ళకి ఇంకో చిక్కుంది, నేషనల్ క్యాంప్. ఫిఫా విండోలో, అంటే దేశాల మ్యాచ్‌లకి ఫిఫా కేటాయించిన రోజుల్లో, క్లబ్ తప్పనిసరిగా వదలాలి. విండో బయట క్లబ్ ఇష్టం. మనవాళ్ళేమో పెద్ద టోర్నీ ముందు వారాల తరబడి క్యాంప్ పెడతారు, ఎందుకంటే మిగతావాళ్ళకి లీగ్ లేదు కదా! క్లబ్‌లో ఉన్న అమ్మాయి అటు ఉంటే ఇక్కడ కోచ్‌కి కొత్త, ఇటు వస్తే అక్కడ బెంచ్.

అయినా 2025లో ఆసియా కప్ క్వాలిఫయర్స్ చూడండి, థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో. తిమోర్ లెస్తె మీద 4-0, అందులో రెండు మనీషావి. చివరి మ్యాచ్‌లో తమకంటే ర్యాంకులో చాలా పైనున్న థాయ్‌లాండ్‌ని వాళ్ళ సొంతగడ్డ మీద 2-1తో కొట్టాం. రెండు గోల్సూ సంగీతా బస్ఫోర్. ఆమె అచ్చమైన మిడ్‌ఫీల్డర్, మొత్తం కెరీర్ ఇక్కడే. బయటికి వెళ్ళిన అమ్మాయీ, వెళ్ళని అమ్మాయీ కలిసి ఆడితేనే క్వాలిఫయింగ్ ఆడి ఆసియా కప్‌కి తొలిసారి అర్హత సాధించాం.

సాకర్ సుబ్బు · సోమవారం, రాత్రి 8:03

సరే, నా మాట కొంచెం మార్చి చెప్తా, పూర్తిగా కాదు. సైప్రస్ వెళ్ళడం సరైనదే. పావోక్ కూడా ఓకే, క్లబ్ పెద్దది, థెస్సలోనికిలో ఆ పేరుకి బరువుంది. కానీ లిమాలో కనీసం రెండు సీజన్లు ఉండాలి. ఇంకో ఏడాదికి నాలుగో దేశం అంటే మాత్రం నేను మళ్ళీ ఇదే థ్రెడ్‌కి వచ్చి గొడవ పెట్టుకుంటా.

సియోల్ శ్రావ్య · సోమవారం, రాత్రి 8:20

రండి, మేమూ ఉంటాం. నాకైతే పెరూ ఆసక్తిగా ఉంది. ఐరోపాలో చిన్న క్లబ్‌లో ఉంటే బంతి కోసం పరిగెత్తడమే ఎక్కువ. అలియాంజా వాళ్ళ దేశంలో టైటిల్ కోసం ఆడే జట్టు, బంతి వీళ్ళ దగ్గరే ఎక్కువసేపు ఉంటుంది. కిక్కిరిసిన డిఫెన్స్‌ని పాస్‌లతో విప్పడం మన జాతీయ జట్టులో ఎవరికీ పెద్దగా అలవాటు లేదు.

అడ్మిన్ తాత · సోమవారం, రాత్రి 9:00

మగవాళ్ళ లీగ్ ఐఎస్ఎల్ గురించి వచ్చిన ఆరు పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ ఆడపిల్లల ఆట గురించి మాత్రమే.

పెర్త్ పద్మ · మంగళవారం, ఉదయం 5:48

ఆస్ట్రేలియా నుంచి. ఆసియా కప్‌లో మన మొదటి రెండు మ్యాచ్‌లూ మా ఊళ్ళోనే, 2026 మార్చి 4న వియత్నాం, 7న జపాన్. 10న చైనీస్ తైపీతో సిడ్నీలో. మా తెలుగు అసోసియేషన్ వాట్సాప్‌లో అడిగితే వియత్నాం మ్యాచ్‌కి ఇప్పటికే నలభై మంది పేర్లిచ్చారు, జపాన్ మ్యాచ్‌కి ఆరుగురే 😄

ఆఫ్‌సైడ్ ఆనంద్ · మంగళవారం, ఉదయం 9:10

పద్మ గారూ, జపాన్ మ్యాచ్‌కే వెళ్ళమనండి! జపాన్ మిడ్‌ఫీల్డ్ ఆట గ్రౌండ్‌లో కూర్చుని చూసే అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు. వియత్నాం మ్యాచ్ మాత్రం మనం గెలవాల్సిందే. మూడు గ్రూపుల్లో మూడో స్థానంలో వచ్చే జట్లలో రెండిటికి క్వార్టర్ ఫైనల్ చోటుంది.

పెర్త్ పద్మ · మంగళవారం, ఉదయం 9:26

సరే, రెండిటికీ కొంటున్నా. ఎవరైనా ఇండియా నుంచి వస్తే చెప్పండి, మా ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. ఆవకాయ మాత్రం డిక్లేర్ చేసి తీసుకురండి, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు.